కార్తీక వనభోజనాలకి చెరువు గట్టుకి వెళ్తున్నారా? పిల్లల కాపలా ఎవరిదో ముందే తేల్చుకోండి

2024 అక్టోబరులో బెంగళూరులో కురిసిన వానలకి కెంగేరి చెరువు నిండింది. నీళ్ల కోసం వెళ్లిన అన్నాచెల్లెళ్లు ఇద్దరూ అందులోనే పోయారు. చెల్లి జారిపడింది, ఆమెని పట్టుకోబోయి అన్న కూడా మునిగిపోయాడు. దానికి నెల ముందే అదే ఊళ్లో, మల్లేశ్వరంలో ఆటస్థలం ఇనుప గేటు తన మీద పడి పదేళ్ల బాబు చనిపోయాడు. ఈ రెండూ గుర్తు పెట్టుకుని ఇది చదవండి.

కార్తీకం వస్తోందంటే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్‌పురం వైపు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వనభోజనాల మాటే. ఊళ్లోలా ఉసిరి తోపులు ఇక్కడెక్కడ? అందుకే అగర, కైకొండ్రహళ్లి, మడివాళ, జక్కూరు అంటూ చెరువు గట్టునున్న పార్కులకి బయల్దేరతాం. బెంగళూరుకి వాన ఎక్కువ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. ఆ వెంటనే వచ్చే కార్తీకానికి చెరువులు నిండుగా, గట్లు నాని, మెట్లు పాకుడు పట్టి ఉంటాయి. టోపీలు, మంచినీళ్లు, దోమల క్రీము సంగతి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

నేను చెప్పాలనుకున్నది ఒకే ఒక్క తప్పు గురించి: "ఇంతమందిమి ఉన్నాం కదా" అనుకోవడం.

ఒక చెరువు దగ్గర కళ్లారా చూశాను. పెద్దవాళ్లే ఇరవై మందికి పైగా ఉన్నారు. పులిహోర గిన్నె మూత తీశారు, విస్తళ్లు పరుస్తున్నారు. నాలుగేళ్లుంటాయేమో, ఒక పాప వినాయక నిమజ్జనాలకి కట్టిన కల్యాణి (కోనేరులాంటి నీటి తొట్టి) మెట్లు దిగుతోంది. చేతిలో అరటిదొన్నె, కుడికాలు నీళ్లు తాకే మెట్టు మీద. ఆ మెట్టు పచ్చగా పాకుడు పట్టి నిగనిగలాడుతోంది. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన ఒకరు రెండంగల్లో వెళ్లి రెక్క పట్టి పైకి లాగారు. పాపని తెచ్చి అప్పజెప్తే తల్లి అన్న మాట, "అత్తయ్య దగ్గరుందనుకున్నా." అత్తగారన్న మాట, "నీ వెనకాలే వచ్చింది కదమ్మా." ఇద్దరూ నిజమే చెప్పారు. పాప మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఒక్కరే పిల్లాణ్ని తీసుకెళ్తే చెయ్యి వదలరు. ఇరవైమంది కలిస్తే ప్రతివాళ్లూ మిగతా పంతొమ్మిదిమందినీ నమ్ముకుంటారు. నీళ్లలో పడ్డ పిల్లాడు అరుస్తాడని, చేతులు ఊపుతాడని అనుకోకండి. నోరు నీటిపైకి వచ్చిన ఆ క్షణం గాలి పీల్చుకోవడానికే చాలదు, ఇంక అరుపెక్కడిది? నిమిషం లోపే మునిగిపోతాడు. పది అడుగుల దూరంలో కూర్చున్నవాళ్లకి కూడా తెలియదు.

అందుకని కాపలా ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి. కొట్టొచ్చినట్టు కనపడే రంగు కండువా ఒకటి తీసుకెళ్లండి. అది ఎవరి భుజాన ఉంటే పిల్లలు వాళ్ల పూచీ. కండువా భుజాన ఉన్నంతసేపు ఫోను ముట్టకూడదు, వడ్డించకూడదు, కబుర్లలో పడకూడదు. ఇరవై నిమిషాలకి మించి ఎవరికీ కన్ను నిలవదు, మార్చుకోండి. మార్చుకునేటప్పుడు నోటితో చెప్పాలి: "వదినా, ఏడుగురున్నారు, ఇక నీ వంతు." ఆవిడ తలలు లెక్కపెట్టి "ఏడుగురు, తీసుకున్నా" అన్నాకే కండువా చేతులు మారాలి. అటువైపు నుంచి జవాబు రాలేదంటే కాపలా ఇంకా మీదే. ఐదేళ్ల లోపు పిల్లలకి ఇది కూడా చాలదు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఒక పెద్దమనిషి ఉండాల్సిందే.

మోకాళ్ల నొప్పులతో ఉన్న అమ్మమ్మకి, తాతయ్యకి ఒంటరిగా కండువా ఇవ్వకండి. వాళ్లు చూడగలరు, పరిగెత్తలేరు. పదేళ్ల అక్కకి అసలే ఇవ్వకండి. తమ్ముడు పడితే ఆ పిల్ల కూడా దూకుతుంది.

కాపలా ఎప్పుడు తప్పుతుందో కూడా చెప్తాను. కార్లోంచి సామాను దింపేటప్పుడు. వడ్డన మొదలైనప్పుడు. గ్రూప్ ఫొటోకి అందరూ సర్దుకునేటప్పుడు. ఒక పిల్లాడు పడి ఏడిస్తే అందరూ అటు మూగినప్పుడు. సాయంత్రం గిన్నెలు సర్దేటప్పుడు. ఈ ఐదు వేళల్లో "ఇంతమందిమి ఉన్నాం కదా" అన్న ధీమా ఇంకా ఎక్కువ, చూసేవాళ్లు ఇంకా తక్కువ. ఫొటోలో కండువా మనిషి లేకపోయినా పరవాలేదు.

ఇక చెరువు సంగతి. ఇవి ఒకప్పుడు సాగునీటి కోసం కట్టిన చెరువులు. ఒకవైపు ఎత్తైన కట్ట, తూము దగ్గర లోతు, నిండితే అలుగు పారి కింది చెరువుకి పోవడం, అన్నీ మన ఊరి చెరువులాగే. బాగుచేయించినప్పుడు పూడిక తీశారు కాబట్టి ఒడ్డునుంచి రెండడుగులు వేస్తే ఎంత లోతుందో పైనుంచి తెలియదు. కట్టకి లోపలివైపు పేర్చిన రాళ్లు ఏటవాలుగా ఉంటాయి. జారిన పిల్లాడికి పట్టు దొరకదు, ఎక్కి రాలేడు. గుర్రపు డెక్క పరుచుకున్న చోట పిల్లల కంటికి అది పచ్చిక మైదానమే. బంతి దాని మీద పడితే నేల అనుకుని దిగుతారు. బంతి నీళ్లలో పడితే పోయినట్టే అని ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి, ఇంకోటి కొంటామని మాటివ్వండి. వాన నీళ్లు పారే పెద్ద కాలువని ఇక్కడ రాజకాలువె అంటారు. దానికి ఎగువన వాన పడితే మీరున్నచోట చినుకు లేకపోయినా కాలువ పొంగుతుంది. కాలువ కలిసే చోట కూర్చోకండి.

దీపాలు వదలాలంటే పెద్దవాళ్లు వదలండి, పిల్లలు పై మెట్టు మీద నిలబడి దండం పెట్టుకుంటారు. వదలనివ్వని చెరువులో వాచ్‌మన్‌తో వాదించకండి.

ఎవరైనా పడితే ఈత రానివాళ్లు దూకొద్దు. కెంగేరిలో రెండో ప్రాణం పోయింది అలాగే. గట్టున బోర్లా పడుకుని చీర కొంగో, చున్నీనో, కొమ్మో అందించండి, మీ కాళ్లు ఇంకొకరు పట్టుకోవాలి. మనం ఎలాగూ తీసుకెళ్లే 20 లీటర్ల వాటర్ క్యాన్ ఖాళీ అయ్యాక మూత బిగించి, పిడికి తాడు కట్టి పక్కన పెట్టుకోండి. విసిరితే తేలుతుంది, పట్టుకున్నవాణ్ని కొంతసేపు తేలుస్తుంది. పైకి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, భుజాన వేసుకుని తిప్పడం, ఇవేవీ చేయొద్దు. ప్రాణం నిలిపే నిమిషాలు వాటికే పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, ముందు నోటితో ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 ఊపిరులు, అలా ఆపకుండా. ఇంకొకరు 108కో 112కో చేయాలి. ఒక్కో చెరువుకి మూడు నాలుగు గేట్లుంటాయి. అంబులెన్స్ తప్పు గేటుకి వెళ్తే ఆ కట్టంతా చుట్టి రావాలి. దిగగానే గేటు పక్కన ఏ ఆలయముందో, ఏ రోడ్డో ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్లతో సహా అందరికీ చెప్పండి.

మిగతావి వరసగా:

ఇనుప గేటుని ముందు మీరు ఊపి చూడండి. పట్టాలోంచి కదులుతుంటే పిల్లల్ని దాని మీద ఊగనివ్వొద్దు, దగ్గరికే రానివ్వొద్దు.

ఉయ్యాల గొలుసు కొక్కెం, జారుడుబల్ల అంచు చేత్తో తడిమి చూడండి. ఎండలో కాలిన రేకు జారుడుబల్ల తొడలు పొక్కిస్తుంది.

జారుడుబల్ల మీద చున్నీ, మెడలో తాడు, సైకిల్ హెల్మెట్ వద్దు. ఇరుక్కుని మెడ బిగుసుకుంటుంది.

వాన పడిన రోజు కరెంటు దీపాల స్తంభాన్ని ముట్టుకోనివ్వొద్దు. 2023 నవంబరులో వైట్‌ఫీల్డ్ హోప్ ఫారం దగ్గర తెగిన కరెంటు తీగ తగిలి తల్లీ, చంటిపాపా చనిపోయారు. నేల మీద ఏ వైరు కనపడినా వెనక్కి తిరగండి.

తేనెపట్టు ఉన్న చెట్టు కింద కూర్చోవద్దు, పొగ పెట్టొద్దు.

కుక్కలు చేరితే తిండి విసరొద్దు. పిల్లాడు పరిగెత్తకూడదు. కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఇంజెక్షన్. పసుపు, కారం పెట్టొద్దు.

పొదల్లోకి బంతి కోసం చెయ్యి పెట్టనివ్వొద్దు.

చెరువు నీళ్లతో చేతులు కడగొద్దు, విస్తళ్లు కడగొద్దు. పుండు మీద ఆ నీళ్లు పడి నెల లోపు జ్వరం వస్తే డాక్టరుకి చెరువు సంగతి చెప్పండి.

చీకటి పడకముందే లేవండి.

నీళ్లు మింగి తేరుకున్న పిల్లాడు దగ్గుతున్నా, ఆయాసపడుతున్నా, మగతగా ఉన్నా ఇంట్లో పడుకోబెట్టొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కండువా మనిషి పిల్లలందరూ కారెక్కేదాకా కండువా తీయకూడదు. ఏ పిల్లాడు ఏ కారులో ఉన్నాడో పేరుపేరునా చెప్పి, లెక్క సరిపోయాకే బండి కదలాలి.