ఒడ్డు నుంచి గాలం: రాడ్, రీల్, లైన్ మొండికేస్తే ఎక్కడ చూడాలి

బీచ్‌లో గాలం వేసేవాళ్ళ ఇబ్బందుల్లో సగానికి పైగా ఒకే చోట పుడతాయి. రాడ్ స్నేహితుడు చెప్పాడని, రీల్ ఆఫర్‌లో వచ్చిందని, లైన్ కొట్టులో ఉన్నదేదో ఇచ్చాడని కొంటారు. విడిగా చూస్తే ఏదీ చెడ్డది కాదు, ఒకదానికొకటి పొసగదు. లెక్క సీసం బరువు దగ్గర మొదలవ్వాలి. సీసాన్ని బట్టి రాడ్, దాన్ని బట్టి లీడర్ (లైన్ ముందు భాగంలో కట్టే లావు లైన్), లైన్, ఆఖరున రీల్. మనలో చాలామంది మెరిసే రీల్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తారు. అందుకే కింద ఏ సమస్య చూసినా మొదటి ప్రశ్న ఇదే: ఎన్ని గ్రాముల సీసం వేస్తున్నారు?

విసిరిన క్షణంలో టప్‌మని తెగి సీసం ఒక్కటే ఎగిరిపోతోంది

అన్నిటికంటే ముందు దీన్ని సరిచేయాలి, ఎందుకంటే ఇది సామాను నష్టంతో పోయేది కాదు. తెగిన 120 గ్రాముల సీసం ఎవరి తలకైనా తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో జనం ఎంత దగ్గరగా తిరుగుతారో తెలిసిందే.

కారణం దాదాపు ఎప్పుడూ షాక్ లీడర్ లేకపోవడమే. విసిరేటప్పుడు లైన్ మీద పడే ఝటకా సీసం బరువుకు ఎన్నో రెట్లుంటుంది. 0.35 మి.మీ. మోనో (ఒకే పోగు నైలాన్ లైన్), అంటే సుమారు 16 పౌండ్ల లైన్, చేపను లాగడానికి చాలు, ఆ ఝటకాకు చాలదు. అందుకని ముందు భాగంలో లావు లైన్ కట్టాలి. దాని లెక్క తేలిక: ప్రతి 28 గ్రాముల సీసానికి 10 పౌండ్లు. 112 గ్రాములకు 40 పౌండ్లు, 140 గ్రాములకు 50 పౌండ్లు. ఎర బరువు కూడా కలుపుకోండి. నాలుగు రొయ్యలు గుచ్చితే అదీ బరువే.

పొడవులో పొరపాటు ఎక్కువ జరుగుతుంది. లీడర్ రాడ్ పొడవుకు సమానంగా ఉంటే సరిపోదు. 13 అడుగుల రాడ్‌కు ఇలా చూడండి: రాడ్ కొన నుంచి సీసం వేలాడే దూరం సుమారు 2 మీటర్లు, రాడ్ వెంబడి 4 మీటర్లు, ఆపైన స్పూల్ (రీల్‌లో లైన్ చుట్టుకునే భాగం) మీద కనీసం 6 చుట్లు, అంటే ఇంకో మీటరు పైచిలుకు. మొత్తం 7 నుంచి 8 మీటర్లు. ఆ 6 చుట్లు లేకపోతే ఝటకా అంతా సన్నని లైన్ మీద, ముడి మీద పడి అక్కడే తెగుతుంది.

లీడర్ ఉన్నా తెగుతోందంటే మూడు చోట్ల చూడండి. రాడ్ కొనన ఉన్న రింగుకు లైన్ ఒక మెలిక చుట్టుకుందా? విసురు మధ్యలో బెయిల్ (లైన్‌ను స్పూల్ మీదికి నడిపే తీగ కమ్మి) దానంతట అదే పడుతోందా? స్పూల్ మీద లీడర్ ముడి ముందు అంచు వైపు ఉండి పైచుట్లను ఈడుస్తోందా? ముడి స్పూల్ వెనక అంచు వైపు వచ్చేలా చుట్టుకుంటే మూడోది తీరుతుంది. రెండోదానికి బెయిల్ తీసిన తర్వాత రీల్ చేతిపిడిని కొంచెం వెనక్కి తిప్పి ఆపి విసరండి. అప్పటికీ పడుతుంటే బెయిల్ స్ప్రింగు అరిగినట్టే.

విసిరే ముందు డ్రాగ్ (చేప లాగినప్పుడు స్పూల్ ఎంత బిగువుతో జారాలో పెట్టే బిగింపు) పూర్తిగా బిగించాలి. వదులుగా ఉంటే స్పూల్ జారి లైన్ చూపుడు వేలిని కోస్తుంది. సీసం నీళ్ళలో పడ్డాక మళ్ళీ సడలించడం మర్చిపోకండి.

ఎంత బలంగా విసిరినా దూరం పోవట్లేదు

ముందు స్పూల్ చూడండి. లైన్ అంచుకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల లోపు వరకూ నిండి ఉండాలి. అర సెంటీమీటరు ఖాళీ ఉంటే ప్రతి చుట్టూ అంచును రాసుకుంటూ బయటికొస్తుంది, దూరం అక్కడే పోతుంది. మరీ నిండితే చుట్లు చుట్లుగా జారిపడి ముడులు పడతాయి.

అది బాగుంటే రాడ్ మీద పిడికి కాస్త పైన రాసిన అంకె చూడండి. 100-200 గ్రా. అని ఉన్న రాడ్‌తో 60 గ్రాముల సీసం విసిరితే రాడ్ వంగదు. వంగని రాడ్ దూరం తోయదు, వెదురుగడతో రాయి విసిరినట్టే ఉంటుంది. పై అంకె వరకూ వెళ్ళాల్సిన పనీ లేదు. 80-150 అని ఉన్నదానికి సీసం, ఎర కలిపి 110 నుంచి 130 గ్రాములు హాయిగా ఉంటాయి.

రాడ్ పొడవు విషయంలో ఆశ పనికిరాదు. 14 అడుగులది కొని సగం వంచలేక తిప్పలు పడే బదులు 12 అడుగులదాన్ని పూర్తిగా వంచితే సీసం ఎక్కువ దూరం పోతుంది. కొనే ముందు చిన్న పరీక్ష చేయండి. పిడి అడుగుభాగం ఛాతీ మధ్యలో ఆనించి చెయ్యి చాస్తే రీల్ సీటు (రాడ్ మీద రీల్ బిగించే చోటు) పట్టుకు అందాలి. అందకపోతే ఆ రాడ్ మీ ఒళ్ళుకు కాదు.

అసలు అంత దూరం కావాలా అన్నది కూడా ఆలోచించాలి. యారాడ లాంటి నిటారు ఒడ్డుల్లో పల్లం దగ్గర్లోనే ఉంటుంది. బాపట్ల సూర్యలంకలో నేల మెల్లగా వాలుతుంది, అక్కడ 80 మీటర్లు పోయినా నడుం లోతు నీళ్ళే ఉండొచ్చు. ఎక్కడైనా సరే పది నిమిషాలు నిలబడి అలలు చూడండి. అల తెల్లగా విరిగే చోట మెరక ఉంది. విరిగిన అల మళ్ళీ నున్నగా మారే చోట పల్లం ఉంది. గొరకలు, జెల్లలు, మాగలు తిండికి తిరిగేది ఎక్కువగా ఆ పల్లంలోనే. మీరు దాన్ని దాటించి వేస్తున్నారేమో!

సీసం వేసిన చోట నిలవట్లేదు, పక్కకు కొట్టుకుపోతోంది

మన తీరంలో ఒడ్డు వెంబడి నడిచే నీటి ఒరవడి నైరుతి కాలంలో ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి లాగుతుంది. ఆ నెలల్లో గుండ్రటి సీసం దొర్లకుండా ఉండదు. చాలామంది వెంటనే బరువు పెంచుతారు, దాంతో రాడ్ హద్దు దాటుతుంది. ముందు ఆకారం మార్చండి. పిరమిడ్ సీసం ఇసుకలో గుచ్చుకుంటుంది. ఇంకా గట్టి ఒరవడికి నాలుగు తీగకాళ్ళు ఉన్న సీసం వాడండి. అదే 110 గ్రాములు ఇప్పుడు కదలదు.

రెండో దొంగ లైన్ లావు. నీళ్ళలో ఉన్న 80 మీటర్ల లైన్ మొత్తాన్ని ఒరవడి తోస్తూనే ఉంటుంది. 0.50 మి.మీ. వాడేవాళ్ళు 0.35కు దిగితే తేడా ఆ రోజే తెలుస్తుంది. రాడ్‌ను ఎత్తైన గొట్టంలో నిలబెడితే దగ్గరి అలల పైనుంచి లైన్ వెళ్తుంది, అలల దెబ్బ తగ్గుతుంది.

మంగినపూడి దగ్గర నేల నల్లటి బంకమట్టి కలిసినది. అలాంటి చోట కాళ్ళ సీసం మరీ లోతుగా దిగి రావడానికి మొరాయించవచ్చు. అక్కడ మామూలు సీసంతోనే మొదలుపెట్టండి.

బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన లైన్) ఉండలు పడుతోంది

విసిరిన లైన్ గాల్లో విల్లులా వంగి నీటి మీద వదులుగా పడుతుంది. వెంటనే చేతిపిడి తిప్పితే బెయిల్ పడి, ఆ వదులు లైన్ స్పూల్ మీద మెత్తగా చుట్టుకుంటుంది. తర్వాత బిగువుగా వచ్చే చుట్లు దాని మీద కూర్చుంటాయి. మళ్ళీ విసిరినప్పుడు పైచుట్టు కిందున్న వదులు చుట్టును లాక్కొస్తుంది. మొదటి రింగు దగ్గర కోడిగుడ్డంత ఉండ!

బెయిల్‌ను చేత్తో మూయండి. లైన్‌ను వేళ్ళ మధ్య పట్టి ఒకసారి లాగి బిగువు చేసి, అప్పుడు తిప్పండి. దాదాపు ఈ ఒక్క అలవాటుతోనే తగ్గిపోతుంది. ఉండ పడితే గట్టిగా లాగకండి. రెండు పిన్నీసులతో వదులు చేస్తే చాలాసార్లు విడుతుంది. బ్రెయిడ్ మొత్తం స్పూల్ మీద గుండ్రంగా జారుతుంటే, చేప లాగినప్పుడు డ్రాగ్ చెడిపోయిందని భ్రమ కలుగుతుంది. అడుగున పది మీటర్ల మోనో చుట్టి దాని మీద బ్రెయిడ్ ఎక్కిస్తే పట్టు దొరుకుతుంది.

కొత్తవాళ్ళకు మా సలహా మోనోనే. బ్రెయిడ్ సన్నగా ఉండి దూరం పోతుంది, నిజమే. కానీ రుషికొండ, భీమిలి దగ్గరి రాళ్ళకు, ఆలుచిప్పల నేలకు రాసుకుంటే చాలా త్వరగా తెగుతుంది, వేలికి తొడుగు లేకుండా విసిరితే కోస్తుంది. మోనో వాడితే పాతకాలం వాళ్ళనుకుంటారని బెంగ వద్దు, చేప అడగదు.

చేప పడ్డాక తెగిపోతోంది

తెగిన కొనను పారేయకండి, వేళ్ళ మధ్య పెట్టి చూడండి. పంది తోకలా చుట్టలు తిరిగి ఉంటే ముడి జారింది. తడపకుండా బిగించారు, లేదా చుట్లు తక్కువ వేశారు. ఉమ్ముతో తడిపి మెల్లగా బిగించి, కొన 3 మి.మీ. వదిలి కత్తిరించండి. కొన గరుకుగా, పీచు లేచి ఉంటే రాయికో చిప్పకో రాసుకుంది. చివరి 2 మీటర్లు కత్తిరించేయండి. బ్లేడుతో కోసినట్టు శుభ్రంగా ఉంటే పళ్ళున్న చేప, లేదా పగిలిన రింగు.

రింగును కంటితో చూసి కనిపెట్టడం కష్టం. దూది ముక్కను ప్రతి రింగులో చుట్టూ తిప్పండి. లోపలి పింగాణీలో సన్నని పగులున్నా దూది పోగు అక్కడ తగులుకుంటుంది. ఆ రింగు మార్చేదాకా ఏ లైన్ వేసినా డబ్బు దండగే.

కొన మామూలుగానే ఉండి సాగినట్టు సన్నబడితే డ్రాగ్ ఎక్కువైంది. లైన్ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోపు ఉండాలి. 16 పౌండ్లంటే సుమారు 7 కిలోలు, కాబట్టి 1.8 నుంచి 2.3 కిలోలు. సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా లైన్ చివర తగిలించి, రాడ్ వంచి లాగండి. స్పూల్ తిరగడం మొదలైనప్పుడు కాటా ఎంత చూపితే అదే మీ డ్రాగ్. చేతి అంచనా నమ్మకండి.

లైన్ వదిలితే స్ప్రింగులా మెలితిరుగుతోంది

డ్రాగ్ జారుతుండగా రీల్ తిప్పడం వల్ల వస్తుంది. 5:1 రీల్‌లో (చేతిపిడి ఒక తిప్పుకు లైన్ ఐదు చుట్లు చుట్టేది) అలా ఒక్క తిప్పుకు లైన్‌లో సుమారు 5 మెలికలు ఎక్కుతాయి. టేకు చేప (బల్లపరుపు ఒళ్ళున్న రే చేప) నేలను కరుచుకున్నప్పుడు ఇదే జరుగుతుంది: అవతల చేప కదలదు, ఇవతల మనం తిప్పుతూనే ఉంటాం. రాడ్ ఎత్తి లాగండి, దించుతూ తిప్పండి, చేప లాగుతుంటే చెయ్యి ఆపండి. ఎక్కిన మెలికలు పోవాలంటే సీసం, స్వివెల్ (లైన్‌కు కట్టే, తిరిగే చిన్న లోహపు కీలు) అన్నీ విప్పి, ఖాళీ తడి ఇసుక మీద లైన్ వంద మీటర్లు పరిచి, బిగువుగా పట్టి చుట్టుకోవాలి. సాయంత్రం ఇంటికెళ్ళే ముందు ఒక్క మీటరు మోనో కూడా ఇసుకలో వదలొద్దు. జనవరి నుంచి ఆ ఒడ్డులకే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

రాడ్ విరిగింది, లేదా జాయింట్ రావట్లేదు

కొన నుంచి అడుగు లోపు విరిగితే సాధారణంగా రాడ్‌ను నిటారుగా ఎత్తి చేపను దగ్గరికి లాగినందుకు. జాయింట్ దగ్గర విరిగితే అది వదులై ఉంది. ప్రతి పది విసుర్లకోసారి బిగువు చూసుకోండి. ఇరుక్కుపోయిన జాయింట్‌ను మెలితిప్పకుండా రెండు పక్కలా ఇద్దరు పట్టి నేరుగా లాగాలి. తర్వాత మగ భాగానికి (లోపలికి దూరే కొనకు) కొవ్వొత్తి మైనం పలచగా రాయండి.

వేసవి చివర మబ్బులు కమ్మి ఉరుములు వినబడితే కార్బన్ రాడ్‌ను వెంటనే పడుకోబెట్టి ఒడ్డు వదలాలి. కార్బన్‌లో కరెంటు పారుతుంది. కరెంటు తీగల కింద రాడ్ ఎత్తి నడవడమూ అంతే.

రీల్ గరగరమంటోంది

ఇసుక లేదా ఉప్పు. ఇసుకలో పెట్టిన రీల్‌ను అలాగే తిప్పితే ఆ రేణువులు పళ్ళచక్రాల్లోకి పోతాయి, కాబట్టి శబ్దం వినగానే తిప్పడం ఆపండి. చాలామంది రీల్‌ను బకెట్‌లో ముంచుతారు, లేదా పైపు పెట్టి బలంగా కొడతారు. రెండూ ఉప్పునీటిని లోపలికే తోస్తాయి. డ్రాగ్ పూర్తిగా బిగించి, మంచినీళ్ళు సన్నగా పై నుంచి పోసి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వండి. లైన్ రోలర్ (బెయిల్ చివర లైన్ ఆనుకుని తిరిగే చిన్న చక్రం) మీద ఒక చుక్క నూనె వేయండి. తిరగని రోలర్ లైన్‌ను ఒకే గీత మీద అరగదీస్తుంది. ఆరాక డ్రాగ్ సడలించి దాచండి, లేకపోతే లోపలి వాషర్లు అణిగిపోయి మళ్ళీ వాడేటప్పుడు అతుక్కుని కుదుపుతాయి.