సంక్రాంతికి ఊరెళ్తున్నారా? మారు తాళంచెవిని ముందే తిప్పి చూడండి

ఊరెళ్లేముందు గ్యాస్ కట్టేశామా, మోటార్ స్విచ్ ఆపామా అని పదిసార్లు చూసుకుంటాం. తాళంచెవి మాత్రం పోయాకే గుర్తొస్తుంది. రెండేళ్ల క్రితం కనుమ మర్నాడు రాత్రి పన్నెండింటికి హైదరాబాద్‌లో మా ఫ్లాట్ ముందు దిగాం. అసలు చెవి ఊళ్లో గూట్లోనే ఉండిపోయింది. పర్సులోని మారు చెవి తాళంలోకి సాఫీగా దూరింది గానీ తిరగలేదు. చేయించిన రోజు దాన్ని ఒక్కసారైనా తాళంలో పెట్టి చూడలేదు, తప్పు నాదే. ఆ రాత్రి పిల్లలు లిఫ్ట్ పక్కన సంచుల మీదే నిద్రపోయారు.

చెవులు చేసే మెషీన్ దగ్గర ఈసారి కాసేపు నిలబడి చూడండి. ఒక బిగింపులో మన చెవి, రెండోదాంట్లో పళ్లు కోయని ఖాళీ చెవి ఉంటాయి. మన చెవి పళ్ల మీద ఒక మొన పాకుతుంటే, అదే కదలికతో కోత చక్రం రెండోదాన్ని కోస్తుంది. ఇత్తడి పొడి రాలుతుంది, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. అయితే ఆ తాళానికి చెవి ఎలా ఉండాలో మెషీన్‌కి తెలియదు. మనం ఇచ్చింది ఎలా ఉంటే అలాగే దింపుతుంది. పదేళ్లు వాడిన చెవి ఇస్తే అరుగుదల కూడా దిగుతుంది. తాళం లోపలున్న చిన్న పిన్నులన్నీ సరిగ్గా ఒకే గీత దగ్గరికి లేస్తేనే చెవి తిరుగుతుంది. వెంట్రుకవాసి తేడా చాలు, మొరాయిస్తుంది. నేను ఇచ్చింది అసలుది కూడా కాదు, నకలుకి నకలు. కాబట్టి బీరువాలో వాడకుండా దాచిన అసలు చెవినే తీసుకెళ్లండి.

కొత్త అపార్ట్‌మెంట్ల తలుపులకు వస్తున్న చెవులకు అంచున పళ్లుండవు, ఒంటి మీద చిన్న చిన్న గుంటలుంటాయి. ఒక్కో గుంట లోతు ఒక్కో రకం, తేడా మిల్లీమీటర్‌లో కొద్ది వంతులే. అంచులు కోసే మామూలు మెషీన్ దీనికి పనికిరాదు, గుంటలు తొలిచే మెషీన్ కావాలి. కొన్నిటిలో అయితే చెవి ఒంట్లోనే కదిలే చిన్న ముక్క ఉంటుంది. అలాంటి ఖాళీ చెవులు సాధారణంగా కంపెనీ దాటి బజారుకి రావు. తాళంతో పాటు కార్డు ఇచ్చి ఉంటే పారేయకండి, మారు చెవికి దాన్నే అడుగుతారు. తెప్పించడానికి రోజులు పట్టొచ్చు, భోగి ముందురోజు పరుగెడితే లాభం లేదు.

కారు చెవిది ఇంకో కథ. చాలా కార్ల చెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, చెవి పెట్టే చోట చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచే కరెంటు అందుకుని తన కోడ్ చెప్తుంది. బజార్లో కోయించిన వట్టి చెవితో తలుపు తెరుచుకుంటుంది, బండి మాత్రం స్టార్ట్ కాదు. చేతిలో ఒక్కటే మిగిలి ఉంటే ఇప్పుడే రెండోది చేయించుకోండి. రెండూ పోతే ఖర్చూ ఎక్కువే, టెన్షనూ ఎక్కువే. పైగా బండి దొంగతనానికి గురైతే ఇన్సూరెన్స్ వాళ్లు సాధారణంగా రెండు అసలు చెవులూ చూపించమంటారు.

నగలు బ్యాంకు లాకర్లో పెట్టే పని ఉంటే సెలవులు మొదలుకాకముందే కానివ్వండి. మన చెవికి బ్యాంకు దగ్గర నకలు ఉండదు. పోగొడితే లాకర్ పగలగొట్టి తాళం మార్చాల్సిందే, ఖర్చు మనదే.

కొత్త ఇంటి తాళంచెవులు చేతిలో పట్టుకుని స్టేటస్ పెట్టే అలవాటు మానుకోండి. చెవి పళ్లు కనిపిస్తే చాలు, నకలు చేయొచ్చు. 2008లో అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ (శాన్‌డియాగో) పరిశోధకులు దాదాపు 195 అడుగుల దూరం నుంచి తీసిన ఫోటోతోనే చెవి పళ్ల కొలతలు రాబట్టారు. చెవి మీద చెక్కిన నంబరు కూడా బయటపెట్టకండి, చాలా రకాలకు ఆ నంబరుంటే చెవి చేయించొచ్చు.

మారు చెవిని పూలకుండీ కిందో చెప్పుల స్టాండులోనో దాచకండి, దొంగ ముందు వెతికేది అక్కడే. మీరుండే ఊళ్లోనే ఉన్న పిన్నికో బావగారికో ఇవ్వండి. ఫ్లాట్ నంబరు రాసిన చీటీ మాత్రం కట్టొద్దు.

ఇచ్చేముందు తలుపు తెరిచి ఉంచి నాలుగైదుసార్లు తిప్పి చూడండి. బిరుసుగా ఉంటే మా అమ్మలాగా కొబ్బరినూనె పోయకండి, దుమ్ము పట్టి లోపల జిగురవుతుంది. పెన్సిల్ ములుకు అరగదీసిన పొడి చెవికి రాసి తిప్పండి. అప్పటికీ పట్టేస్తుంటే ఆ చెవిని చేసినవాడి దగ్గరికే అదే రోజు పట్టుకెళ్లండి.