జావా 8 నుంచి 17కు మారే ముందు పాత ఇంట్లోనే సర్దుకోండి

ఏళ్ల తరబడి జావా 8 మీద నడుస్తున్న ప్రాజెక్టును 17కు మార్చదలచినవారు, కొత్త జేడీకేను (జావా ప్రోగ్రాములను తయారుచేసి నడిపే సాధనాల సమూహాన్ని) తాకకముందే చేయదగిన పని చాలా ఉంది. జేడీకేతో పాటే వచ్చే జేడెప్స్ అనే పరిశీలన సాధనాన్ని 'జేడీకే ఇంటర్నల్స్' ఆప్షన్‌తో మీ జార్ ఫైళ్ల (కంపైలైన కోడ్ మూటల) మీద నడిపితే, ఏ క్లాసు జావా అంతర్గత ప్యాకేజీలను వాడుతోందో, చాలా చోట్ల దానికి బదులు ఏది వాడాలో కూడా చూపిస్తుంది. ఉదాహరణకు, సన్ డాట్ మిస్క్‌లోని బేస్64 ఎన్‌కోడర్ జావా 9లోనే పోయింది. దాని స్థానంలో వాడవలసిన జావా డాట్ యుటిల్ డాట్ బేస్64 మాత్రం 8లోనే ఉంది కనుక, ఆ మార్పును ఇప్పుడే చేసి, నిశ్చింతగా ప్రొడక్షన్‌కు పంపవచ్చు.

రిఫ్లెక్షన్ ద్వారా, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా క్లాసును పేరుతో వెతికి వాడే పద్ధతిలో, జరిగే వాడకాన్ని జేడెప్స్ పట్టుకోలేదు. అటువంటి తప్పు కంపైల్ చేసినప్పుడు కాక, ప్రోగ్రామ్ నడుస్తుండగా బయటపడుతుంది కాబట్టి, టెస్టులు లేని భాగాలకు ముందుగా టెస్టులు రాయడం అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం.

జావా ఆబ్జెక్టులను ఎక్స్‌ఎంఎల్‌గా, ఎక్స్‌ఎంఎల్‌ను ఆబ్జెక్టులుగా మార్చే జాక్స్‌బీ, 2018లో వచ్చిన జావా 11 నుంచి జేడీకేలో లేదు. దానిని, ప్రాజెక్టుకు కావలసిన లైబ్రరీలను తెచ్చిపెట్టే మేవెన్‌లో విడిగా చేర్చుకోవాలి. పదే పదే రాయవలసిన కోడ్‌ను తానే పుట్టించే లాంబాక్ లైబ్రరీ పాతదైతే దాని వెర్షన్‌నూ పెంచాలి.

జావా అప్లికేషన్ల ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్ బూట్ 3కు మారడాన్ని మాత్రం దీనితో కలపవద్దు. స్ప్రింగ్ బూట్ 2.7 వెర్షన్ జావా 8 మీదా 17 మీదా నడుస్తుంది కనుక, బూట్ 3 కోసం జావాఎక్స్ ప్యాకేజీ పేర్లను జకార్తాగా మార్చే పనిని తరువాతి విడుదలకు ఉంచుకోవచ్చు.