ఇటాలియన్ మనంతట మనమే – 9: ‘నొ’ చేరినా ఊనిక కదలదు

చూడటం, తీసుకోవడం అన్న క్రియల్లో ఊనిక (ఒత్తి పలికే చోటు) ఎక్కడ అని పోయినసారి ఇచ్చిన లెక్క ముందు తేల్చేద్దాం. చూడటం వె-•దే-రె, తీసుకోవడం •ప్రెన్-దె-రె. (చుక్క తరవాత వచ్చే అక్షరాన్నే ఒత్తి పలకాలి.) రెండిటికీ తోక ‘ఎరె’యే, ఊనిక మాత్రం వేరు. ఇలాంటివాటికి నిఘంటువు చూడక తప్పదు.

ఇవాళ ‘వాళ్ళు’ రూపం. మనవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మాట్లాడటం అన్న క్రియను వరసగా చదవండి: •పర్-లొ, •పర్-లి, •పర్-ల, పర్-•ల్యా-మొ, పర్-•లా-తె. ఇక ‘వాళ్ళు మాట్లాడతారు’? చివరి రెండిటి ఊపులో పర్-•లా-నొ అనేస్తాం. అది తప్పు, •పర్-ల-నొ అనాలి. ‘అతను మాట్లాడతాడు’కి, అంటే •పర్-లకి, చివర నొ తగిలించండి, ఊనికను ముట్టుకోకండి. లాటిన్‌లో ‘ప్రేమిస్తారు’ అంటే •అ-మంత్. ఇటాలియన్‌లో అది •ఆ-మ-నొ అయింది. చివరి ‘ఒ’ తరవాత వచ్చి చేరిన చుట్టం, అందుకే ఊనికను తన వైపు లాక్కోలేదు.

మాటని అక్షరాలుగా విడదీయడంలో మన లిపి కాస్త మోసం చేస్తుంది. ‘ర్ల’ మనకు ఒకే అక్షరం, వాళ్ళకు ర్ ముందుదానితో పోతుంది. ఛందస్సులో ‘ర్ల’ ముందున్న ‘ప’ గురువవుతుంది కదా, ఆ చెవితో వింటే చాలు. ద్విత్వం కూడా అంతే, విడిపోతుంది: •మెత్-తొ-నొ (పెడతారు). స్ మాత్రం మొండిది, తన తరవాత వేరే హల్లు వస్తే దాన్ని వదలదు: అ-•స్పెత్-త-నొ (ఎదురుచూస్తారు).

‘నివసిస్తారు’ అనే మాట దగ్గర నేను చాన్నాళ్ళు తడబడ్డాను. అ-బి-•తా-నొ అంటుంటే ఇటలీలో, బొలోన్యాలో నేను అద్దెకున్న ఇంటావిడ చెంచాతో బల్లమీద ఒక్క దెబ్బ గట్టిగా, మూడు మెల్లగా కొట్టి చూపించింది: •ఆ-బి-త-నొ. ఊనిక వెనకనుంచి నాలుగో అక్షరం మీద! ఫోన్ చేస్తారు కూడా అంతే: తె-•లె-ఫొ-న-నొ. మీరూ వేలితో బల్లమీద కొట్టుకుంటూ చదవండి, ఇంట్లోవాళ్ళు వింతగా చూసినా సరే.

ఊనిక మారితే అర్థం ఎంత దూరం పోతుందో చూడండి. •కా-పి-త-నొ అంటే ‘జరుగుతుంటాయి’. క-పి-•తా-నొ కెప్టెన్. క-పి-త-•నొ ‘నాయకత్వం వహించాడు’. మూడోదానికి రాతలో చివరి అచ్చు మీద గీత ఉంటుంది, మొదటి రెండూ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. ఇంకోటి, ఆ చివరి ‘నొ’ని సాగదీయకండి. ఊనిక పడ్డా పదాంతంలో అచ్చు పొట్టిగానే ఉంటుంది.

వచ్చే పాఠానికి: ‘మర్చిపోతాడు’ ది-•మెన్-తి-క. ‘మర్చిపోతారు’ రాసి, చుక్క పెట్టి ఉంచండి.