స్వాహిలీనీ డచ్చునీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా?

స్వాహిలీ తూర్పు ఆఫ్రికా భాష, బంటూ కుటుంబానిది. డచ్చు నెదర్లాండ్స్, ఉత్తర బెల్జియం, దక్షిణ అమెరికాలోని సురినామ్‌లలో వినిపించే భాష, ఇంగ్లిషుకీ జర్మన్‌కీ దాయాది. రెంటికీ చుట్టరికం లేదు. పోల్చడానికి రెండూ పూర్తిగా నేర్చుకోనక్కర్లేదు, ఓ ఆదివారం మధ్యాహ్నం చాలు. ఒక్కటే షరతు: కొలబద్దగా ఇంగ్లిషును పెట్టుకోకండి. అలా చేస్తే డచ్చు సులువనీ స్వాహిలీ వింతనీ ముందే తేలిపోతుంది. తెలుగును పెట్టుకోండి. ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీసి, మధ్య గడి తెలుగుకివ్వండి.

1. మూడు భాషల్లోనూ ఉన్న ఒకే పాఠం తెచ్చుకోండి

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన ఇందుకు బాగా పనికొస్తుంది. ఐక్యరాజ్య సమితి వెబ్‌సైట్‌లో స్వాహిలీ, డచ్చు, తెలుగు మూడూ దొరుకుతాయి. మనుషులందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారని చెప్పే మొదటి అధికరణలోని తొలి వాక్యం తీసుకోండి.

స్వాహిలీ: వాతు వోతే వామెజలీవ హురు, హధి న హాకి జావో ని సావ.

డచ్చు: ఆలె మెన్సన్ వోర్డన్ వ్రై ఎన్ ఖెలైక్ ఇన్ వార్దిఖ్‌హైట్ ఎన్ రెఖ్టన్ ఖెబోరన్.

2. అర్థం జోలికి పోకుండా పైకి చదవండి

స్వాహిలీ మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తున్నాయి. తెలుగును అజంత భాష అని బళ్లో చెప్పారు కదా, ఇదీ ఆ బాపతే. పరాయి మాట వచ్చినా చివర అచ్చు తగిలించి ఇంట్లోకి రానిస్తుంది. మనం బస్సు, బ్యాంకు అన్నట్టే వాళ్లు ‘బాసి’, ‘బెంకి’ అంటారు. పలికేటప్పుడు నొక్కు దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీదే పడుతుంది.

డచ్చు దీనికి పూర్తిగా ఎదురు. శరదృతువును ‘హెర్ఫ్‌స్ట్’ అంటారు, చివర నాలుగు హల్లులు ఊపిరాడకుండా నిలబడి ఉంటాయి. ‘గ’ రాసిన చోట గొంతులోంచి ‘ఖ’ లాంటి రాపిడి వస్తుంది. ‘హాండ్’ అని రాసి ‘హాంట్’ అని పలుకుతారు.

3. వాక్యాన్ని కీళ్ల దగ్గర విరిచి చూడండి

ఎక్కువసేపు కూర్చోవలసింది ఇక్కడే. వాతు అంటే మనుషులు, వోతే అంటే అందరూ, వామెజలీవ అంటే పుట్టారు. మూడింటి మొదట్లోనూ ఆ ‘వ’ చూశారా? అది మనుషుల గుంపు గుర్తు. తెలుగులో ‘మనుషులు, అందరూ, పుట్టారు’ అన్నప్పుడు లు, రూ, రు అని తోకలో పెట్టే గుర్తును వాళ్లు తలమీద పెట్టారు.

ఇప్పుడు మనిషిని తీసేసి పుస్తకం పెట్టండి. ‘కితాబు కిజూరి కిమెఫీక’ అంటే మంచి పుస్తకం వచ్చింది. రెండో పుస్తకం కూడా వస్తే ‘వితాబు విజూరి విమెఫీక’. ‘కి’ అన్నవన్నీ ‘వి’ అయిపోయాయి. తమాషా ఏమిటంటే కితాబు అరబ్బీ మాట, అందులో ‘కి’ ప్రత్యయమే కాదు. అయినా స్వాహిలీ దాన్ని తన ‘కి’ అనుకుని బహువచనం చేసేసుకుంది! స్వాహిలీలో స్త్రీ, పురుష లింగాలు లేవు, నామవాచకాలకు ఇలాంటి తరగతులున్నాయి. మనం వచ్చాడు, వచ్చింది అని క్రియను మార్చినట్టే, వాళ్లు తరగతిని బట్టి మారుస్తారు.

డచ్చు వాక్యంలో క్రియ రెండు ముక్కలైంది. ‘వోర్డన్’ రెండో స్థానంలో, ‘ఖెబోరన్’ చిట్టచివర. మధ్యలో ఉన్నదంతా వినేదాకా పుట్టారో పోయారో తెలియదు. ‘నేను పుస్తకం చదువుతున్నాను’ అనడానికి ‘ఇక్ లేస్ ఎన్ బూక్’ అంటారు, క్రియ మధ్యలో ఉంది. ముందు ‘ఒమ్‌డాట్’, అంటే ‘ఎందుకంటే’, పెట్టగానే అది ‘ఇక్ ఎన్ బూక్ లేస్’ అవుతుంది: నేను, ఒక, పుస్తకం, చదువు. అచ్చం మన వరస. ఉపవాక్యంలో డచ్చుకు తెలుగు పూనుతుందని నేను గుర్తుపెట్టుకున్నాను. స్వాహిలీలో మాత్రం పుస్తకం క్రియ తర్వాతే: ‘నినసోమ కితాబు’.

4. చుట్టాల పేర్లు రాయండి

నాకు అన్నిటికంటే నచ్చిన గడి ఇది. స్వాహిలీలో బాబా అంటే నాన్న, మామ అంటే అమ్మ (మన మామ కాదు, జాగ్రత్త). నాన్న తమ్ముడు ‘బాబా మ్‌డోగో’, అంటే చిన్న నాన్న. అమ్మ అక్క ‘మామ మ్‌కూబ్వ’, పెద్దమ్మ. మేనమామకు ‘మ్‌జోంబ’, మేనత్తకు ‘షంగాజి’ అని వేరే మాటలున్నాయి. డచ్చువాళ్లకు ఇవన్నీ ‘ఓమ్’, ‘టాంటె’ల్లో సరిపోతాయి. పైగా ‘నేఫ్’ అంటే మేనల్లుడూ కావచ్చు, మేనమామ కొడుకూ కావచ్చు, పెదనాన్న కొడుకూ కావచ్చు. మన పెళ్లిపత్రిక డచ్చులోకి మార్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

5. గడియారం అడగండి

పొద్దున్న ఏడున్నర. డచ్చులో ‘హాల్ఫ్ ఆఖ్ట్’, మాటకు మాట చెబితే ‘అర ఎనిమిది’. ఎనిమిదికి ఇంకా అర మిగిలిందని. మొదటిసారి చదివినప్పుడు నేను ఎనిమిదిన్నర అనే అనుకున్నాను. స్వాహిలీలో ‘సా మోజ న నుసు’, అంటే ఒకటిన్నర. వాళ్ల లెక్క తెల్లవారే వేళ నుంచి మొదలవుతుంది, పంచాంగంలో సూర్యోదయాది ఘడియల్లాగా. మన ఏడు వాళ్లకు ఒకటి.

6. ఒకేలా వినిపించే మాటలను చివరికి ఉంచండి

చాలామంది వీటితోనే మొదలుపెట్టి దారి తప్పుతారు. చక్కెర డచ్చులో ‘సౌకర్’, స్వాహిలీలో ‘సుకారి’. మూడూ సంస్కృత శర్కర సంతానమే, వర్తకుల వెంట ఊళ్లు తిరిగాయి. పై వాక్యంలోని ‘హాకి’ మన హక్కే, అరబ్బీ నుంచి చెరో దారిలో వచ్చింది. టీని డచ్చులో ‘తే’ అంటారు. చైనా తీరపు ఆ మాటను యూరప్‌కు మోసింది ముఖ్యంగా డచ్చు వర్తకులే, మచిలీపట్నంలోనూ భీమిలిలోనూ స్థావరాలు పెట్టుకున్నవాళ్లు. స్వాహిలీది ‘చాయ్’. మనకు రెండూ ఉన్నాయి. ఈ పోలికలు ఓడలు ఎటు తిరిగాయో చెబుతాయి, భాషల పుట్టుక చెప్పవు.

అంకెలనూ నమ్మకండి: స్వాహిలీ ‘సీత’ (ఆరు), ‘సాబ’ (ఏడు), ‘తీస’ (తొమ్మిది) అరబ్బీ నుంచి అరువు తెచ్చుకున్నవే. కూడబలుక్కోని మాటలు కావాలంటే ఒంటినీ నీటినీ అడగాలి. కన్ను: ఓఖ్, జిచో. చెయ్యి: హాంట్, మ్‌కోనో. నీళ్లు: వాటర్, మాజి. ఒక్కటీ కలవదు. తర్వాత డచ్చు గడిలో ‘నామ్’, అంటే పేరు, ‘డ్రీ’, అంటే మూడు, రాసి, పక్కన నామం, త్రి రాయండి. అవి మాత్రం అరువు కాదు. డచ్చుకూ సంస్కృతానికీ మూలం ఒకటే, మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం. ఇక పేరుకు స్వాహిలీ మాట ‘జీన’, మూడుకు ‘తాతు’.