జింప్ 3లో నా స్క్రిప్టు మాయమైతే (నా అనుభవం)

విజయనగరంలో మా ఫ్లెక్సీ షాపు, సిరిమానోత్సవం ఆర్డర్లు మీద పడ్డ వారంలోనే, బుద్ధి గడ్డి తిని ఫొటోలు ఎడిట్ చేసే జింప్ సాఫ్ట్‌వేర్ 2.10 వెర్షన్ తీసేసి 3.0 వేశాను. ఫొటోలన్నిటికీ ఒకేసారి అంచు గీసే నా పైథాన్ స్క్రిప్టు (పైథాన్ భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాము) మెనూలో లేదు! ఎర్రర్ కూడా రాలేదు, అదే టెన్షన్. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లోంచి జింప్ తెరిస్తే అసలు సంగతి బయటపడింది: ప్లగిన్ల (జింప్‌కి అదనంగా తగిలించే ప్రోగ్రాముల) ఫోల్డర్‌లో ఫైలుని విడిగా పడేస్తే 3.0 దాన్ని వదిలేస్తుంది, ఫైలు పేరు ‘బోర్డర్’ అయితే ‘బోర్డర్’ అనే సబ్‌ఫోల్డర్ చేసి అందులోనే పెట్టాలి. మాది లినక్స్, కాబట్టి ఎగ్జిక్యూట్ పర్మిషన్ (ఫైలు ప్రోగ్రాములా నడిచే అనుమతి) కూడా ఇచ్చాను. అయినా కదల్లేదు. నాది పైథాన్ 2 కాలం నాటి కోడు, జింప్‌తో పని చేయించడానికి అది వాడుకునే ‘జింప్‌ఫు’ మాడ్యూలే 3లో లేదు. రాత్రి కూర్చుని పైథాన్ 3లో మళ్లీ రాశాక పని చేసింది. ఈలోగా మా తమ్ముడు నలభై ఫొటోలకి చేత్తోనే అంచులు గీశాడు, ఇంకా దెప్పుతూనే ఉన్నాడు.