ట్రెడ్‌మిల్ చూపించే క్యాలరీలు నమ్మొచ్చా? మీరే లెక్క కట్టుకోండిలా

బరంపురంలో ఏ జిమ్ముకెళ్లినా ఒడియా, తెలుగు, హిందీ కలగలిసి వినబడుతుంటాయి గానీ ట్రెడ్‌మిల్ దిగినవాణ్ని పక్కవాడు అడిగేది ఒకటే, "ఎంత బర్న్ అయింది భాయ్?" అని. వాడు స్క్రీన్ వంక చూసి "మూడొందల ఇరవై" అనేసి తువ్వాలు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ మూడొందల ఇరవై ఎక్కడినుంచి ఊడిపడిందో ఎవరూ అడగరు. అసలు ఒంట్లో ఎంత ఖర్చయిందో కచ్చితంగా తెలియాలంటే ముక్కుకీ నోటికీ మాస్కు బిగించి మీరు ఎంత ఆక్సిజన్ వాడారో కొలవాలి. లీటరు ఆక్సిజన్ వాడితే దాదాపు 5 క్యాలరీలు ఖర్చయినట్టు (మనం మామూలుగా క్యాలరీ అనేది నిజానికి కిలోక్యాలరీ, ఇక్కడా అంతే). మెషీన్‌కి మీ ఊపిరి సంగతి ఏం తెలుసు? దానికి తెలిసింది బెల్టు వేగం, బెల్టు ముందువైపు ఎంత ఎత్తు లేచిందో, టైము. అందుకే దానికి తెలిసినవాటిని మాత్రం దాన్నుంచి తీసుకుని, మిగతా లెక్క మనం వేసుకుందాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

1. ఎక్కగానే క్విక్ స్టార్ట్ నొక్కకండి

అది నొక్కితే చాలా మెషీన్లు మీ బరువు అడగవు, తమకు తోచిన బరువేసుకుంటాయి, ఎక్కువగా 70 కిలోల చుట్టుపక్కల. అప్పుడు 52 కిలోల అమ్మాయీ 95 కిలోల మావయ్యా ఒకే వేగంతో అరగంట నడిచి దిగితే ఇద్దరికీ ఒకే అంకె కనబడుతుంది. బరువు ఎంటర్ చేసే దారి ఉంటే తప్పకుండా చేయండి, కాకపోతే అక్కడో చిక్కుంది: బయటి దేశాల నుంచి వచ్చిన కొన్ని మెషీన్లు పౌండ్లలో అడుగుతాయి, ఆ గుర్తేమో మూలన చీమంత ఉంటుంది. 70 అని కొట్టేస్తే మిమ్మల్ని 32 కిలోల పిల్లాడనుకుంటుంది. కిలోల్ని 2.2తో గుణించండి, 70 కిలోలంటే 154. వేగం దగ్గరా ఇదే గొడవ, మైళ్లలో 5 అంటే మన లెక్కలో 8 కిలోమీటర్లు, నడకనుకుని ఎక్కితే పరిగెత్తాల్సి వస్తుంది.

2. బెల్టు నిజం చెబుతోందా చూడండి

ఇంట్లో మెషీన్ ఉన్నవాళ్లకి ఇది ముఖ్యం. ఆపి ఉన్నప్పుడు బెల్టు పొడవు టేపుతో కొలవండి, పైన కనబడేదే కాదు, కింద తిరిగొచ్చే భాగం కూడా కలిపి పూర్తి చుట్టు. అంచున సుద్దతో ఒక గీత గీయండి. ఇప్పుడు మీరెక్కి నడుస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి నిమిషంలో ఆ గీత ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాలి. చుట్టు 2.8 మీటర్లు, గీత 30 సార్లు వచ్చిందంటే నిమిషానికి 84 మీటర్లు, గంటకి 5 కిలోమీటర్ల పైన ఒక పిసరు. స్క్రీన్ మీద 5.8 ఉంటే అది అబద్ధం చెబుతున్నట్టే. మనిషి ఎక్కిన తర్వాతే కొలవాలి, ఎందుకంటే బరువు పడితే పాత బెల్టులు నెమ్మదిస్తాయి.

ఎత్తుకీ అంతే. కొన్ని మెషీన్ల మీద శాతం రాయరు, లెవెల్ 1, 2, 3 అని ఉంటుంది, దానర్థం తయారుచేసినవాడికే తెలియాలి. ముందు రోలరు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, వెనకది ఎంతలో ఉంది అని కొలిచి తేడా తీయండి. తేడా 6 సెంటీమీటర్లు, రెండు రోలర్ల మధ్య దూరం 120 సెంటీమీటర్లు అనుకోండి, అది 5 శాతం.

3. కిలోమీటర్ల లెక్క

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వాళ్ల సమీకరణాలు చూడ్డానికి భయపెడతాయి గానీ విప్పి చూస్తే మిగిలేది చాలా తేలిక. చదునుగా ఉన్న బెల్టు మీద నడిస్తే కిలోమీటరుకి ఖర్చయ్యే క్యాలరీలు మీ కిలోల బరువులో సగం. పరిగెత్తితే కిలోమీటరుకి మీ బరువంత. అంతే. 70 కిలోల మనిషి గంటకి 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే రెండున్నర కిలోమీటర్లు, కిలోమీటరుకి 35 చొప్పున 87 క్యాలరీలు. ఇందాకటి అమ్మాయికి 65, మావయ్యకి 119. ఈ లెక్క నడకకైతే గంటకి 3 నుంచి 6 కిలోమీటర్ల దాకా, పరుగుకైతే 8 దాటాక బాగా పనిచేస్తుంది, ఆ మధ్యలో వేగాలకి సుమారుగా తీసుకోవాల్సిందే.

ఎత్తు పెడితే మజా వస్తుంది. నడకలో ప్రతి ఒక శాతం ఎత్తుకీ కిలోమీటరుకి మీ బరువులో తొమ్మిది శాతం అదనంగా కలపండి, పరుగులో దానిలో సగం. పై 70 కిలోల మనిషే 5 శాతం ఎత్తులో అదే రెండున్నర కిలోమీటర్లు నడిస్తే 87 కాస్తా 166 అవుతుంది, మోకాళ్ల మీద పరుగంత దెబ్బ పడకుండానే. నా మట్టుకు నాకు ట్రెడ్‌మిల్‌కి పెట్టే డబ్బులకి న్యాయం చేసే మీట అదొక్కటే.

కానీ ముందున్న కడ్డీ పట్టుకుని వెనక్కి వాలి నడిచేవాళ్లకి ఈ లెక్క వర్తించదు, మెషీన్ లెక్కా వర్తించదు. తారాతరిణి కొండకి 999 మెట్లూ ఎవరో చేయి పట్టి లాగుతుంటే ఎక్కినట్టన్నమాట. కడ్డీ వదల్లేకపోతే ఎత్తో వేగమో తగ్గించండి.

మీకు వచ్చిన అంకె స్క్రీన్ మీదున్నదానికన్నా తక్కువుంటే కంగారు పడకండి. చాలా మెషీన్లు మీరు ఊరికే మంచమ్మీద పడుకున్నా ఖర్చయ్యే క్యాలరీల్ని కూడా కలిపి చూపిస్తాయి, అది కిలో బరువుకి గంటకి ఒకటి చొప్పున, 70 కిలోలకి అరగంటలో 35. మన లెక్కలో అది లేదు, ఉండక్కర్లేదు కూడా. నూనె ఒక టేబుల్ స్పూను 120 క్యాలరీలు. ఆ 87 సంపాదించి, ఇంటికెళ్తూ బండి దగ్గర ఆగి పూరీ, ఘుగుని లాగిస్తే ఖాతా ఎటు తేలుతుందో మీకే తెలుస్తుంది.

4. సైకిల్ మెషీన్

ఇక్కడ వెతకాల్సింది వాట్స్. అది చూపించే సైకిల్ అయితే మీ అదృష్టం, కార్డియో మెషీన్లలో నమ్మదగ్గ లెక్క దానిదే. సగటు వాట్స్‌ని నిమిషాలతో గుణించి మళ్లీ 0.06తో గుణించండి. 100 వాట్స్ మీద అరగంట తొక్కితే 180. ఇది నిజానికి మీరు పెడల్ మీద చేసిన పని, కిలోజౌళ్లలో. ఒక క్యాలరీకి 4.18 కిలోజౌళ్లు, అయితే మన ఒళ్లు ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతుకి కాస్త తక్కువే పెడల్‌కి చేరుతుంది, మిగతాది వేడిగా పోతుంది, అందుకని రెండూ ఇంచుమించు కొట్టేసుకుని అదే అంకె క్యాలరీలకీ సరిపోతుంది. 180 నుంచి 200 మధ్య అనుకోండి. కూర్చునే తొక్కుతాం కాబట్టి బరువుతో పెద్దగా పని లేదు. వాట్స్ లేకుండా ఉత్త లెవెల్ నంబరే ఉన్న సైకిల్ మీద క్యాలరీల గడి మీద ఓ స్టిక్కర్ అంటించేయడం మేలు.

5. క్రాస్ ట్రైనర్, మెట్ల మెషీన్, రోయింగ్

క్రాస్ ట్రైనర్‌కి నడకలాగా అందరూ ఒప్పుకున్న సమీకరణం లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో అడుగు పొడవు, ఒక్కో బిగువు. వ్యాయామాల శక్తి ఖర్చు పట్టికలో 2011 నాటి కూర్పు ప్రకారం మధ్యస్థంగా చేస్తే 5 ఎం.ఇ.టి.లు (MET), అంటే ఊరికే కూర్చున్నప్పటికి ఐదు రెట్లు. విశ్రాంతి ఒకటి తీసేస్తే 4. దాన్ని బరువుతోనూ గంటలతోనూ గుణించండి, 70 కిలోలకి అరగంటలో 140. మెట్ల మెషీన్ అదే పట్టికలో 9, కాబట్టి 8తో గుణించాలి, అదీ కడ్డీ మీద ఒళ్లు వాల్చకుండా చేస్తేనే.

రోయింగ్ మెషీన్ కాన్సెప్ట్ టూ వాళ్లదైతే అది అందర్నీ 175 పౌండ్ల మనిషి, అంటే 79 కిలోలకి పైన అనుకుని లెక్కేస్తుంది. 60 కిలోలవాళ్లు అరగంటకి ఒక 37 తగ్గించుకోవాలి.

6. వాచీ చెప్పేది

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఏడు రకాల చేతి వాచీల్ని, బ్యాండ్లని పరీక్షిస్తే గుండె వేగం చాలావాటిలో బాగానే వచ్చింది గానీ, క్యాలరీల్లో అన్నిటికన్నా మంచిది కూడా సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా అధ్వాన్నంది 93 శాతం. మన గంజాం వైపు ఇంకో సమస్య ఉంది. వైశాఖంలో ఫ్యాన్లు ఆగిపోయిన జిమ్‌లో అదే నడక నడిచినా ఒంటిని చల్లబరచడానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, వాచీ అది చూసి మీరేదో ఎక్కువ పని చేశారనుకుని క్యాలరీలు పెంచేస్తుంది. చొక్కా పిండితే కారే చెమట కూడా క్యాలరీల లెక్కలోకి రాదు, దిగాక తూకంలో తగ్గిన అర కిలో నీళ్లు తాగితే తిరిగొస్తుంది. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకి దీనికి సరిగ్గా ఉల్టా, మాత్ర గుండె వేగాన్ని పెరగనివ్వదు కాబట్టి వాచీ తక్కువ చూపించవచ్చు. వాళ్లు కిలోమీటర్ల లెక్కే పట్టుకోవాలి, ఎంత ఎత్తు, ఎంత వేగం దాకా వెళ్లొచ్చో డాక్టర్ని అడిగి.